తాళం గట్టిదే... తాళంచెవి ఎవరి దగ్గర?

బిట్‌కాయిన్ లెక్కల పుస్తకాన్ని ఇన్నేళ్లలో ఏ దొంగా దిద్దలేకపోయాడు. అయినా బిట్‌కాయిన్లు పోగొట్టుకుని లబోదిబోమన్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. వినడానికి వింతగా ఉన్నా రెండూ నిజమే. ఆ చిక్కుముడి విప్పుకోకుండా క్రిప్టోలో చేయి పెట్టడం మంచిది కాదు.

బంగారమైతే మెడలో వేసుకోవచ్చు. పొలమైతే గట్టుమీద నిలబడి చూసుకోవచ్చు. బ్యాంకు డిపాజిట్‌కి బీరువాలో దాచుకోవడానికి ఓ కాగితమైనా ఉంటుంది. క్రిప్టోకరెన్సీకి ఇవేవీ లేవు. చేతికి అందదు, కంటికి కనిపించదు. రిజర్వు బ్యాంకు గవర్నరు దానిమీద సంతకం చేయలేదు. అయినా సరే... కాలేజీ కుర్రాడి నుంచి రిటైరైన మాస్టారి దాకా దాని ధర మీద ఓ కన్నేసి ఉంచేవాళ్లే!

ఇంట్లో ఈ మాట వస్తే రెండు జట్లు తయారవుతాయి. 'అదంతా జూదంరా, దాని జోలికెళ్లకు' అంటారు పెద్దవాళ్లు. 'దాన్ని ఎవరూ హ్యాక్ చేయలేరు నాన్నా, బ్యాంకు కన్నా భద్రం' అంటారు పిల్లలు. ఇద్దరి మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగతా సగం తెలుసుకోకపోవడం వల్లే చేతులు కాలుతున్నాయి.

ప్రతి ఇంట్లోనూ పద్దు పుస్తకం

2008 అక్టోబరు 31. అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు కూలిపోతున్న రోజులు. సతోషి నకమోటో అన్న పేరుతో ఎవరో తొమ్మిది పేజీల పత్రాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. మధ్యలో బ్యాంకు అక్కర్లేకుండా ఒకరు మరొకరికి నేరుగా డబ్బు పంపుకోవడం ఎలాగో అందులో ఉంది. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ మొదలైంది. ఆ సతోషి ఒక్కరో, పదిమందో, ఎక్కడివాళ్లో ఇప్పటికీ తేలలేదు.

ఆయన చేసిన ఏర్పాటు అర్థం కావాలంటే ఓ పల్లెటూరిని ఊహించుకోండి. ఊరి అప్పుల పద్దంతా ఒక్క షావుకారు దగ్గరే ఉంటే ఆయన రాసిందే లెక్క. రాత్రికి రాత్రి ఓ సున్నా చేర్చినా అడిగే దిక్కుండదు. అదే ప్రతి ఇంట్లోనూ ఆ పుస్తకానికి నకలు ఉందనుకోండి. రామయ్య సోమయ్యకు వంద ఇస్తే అన్ని పుస్తకాల్లోనూ ఎక్కుతుంది. షావుకారు సున్నా చేర్చాడా... మిగతా ఇళ్లలోని పుస్తకాలన్నీ కలిసి అది అబద్ధమని తేల్చేస్తాయి.

ప్రపంచవ్యాప్తంగా వేల కంప్యూటర్లలో ఉన్న ఇలాంటి పద్దు పుస్తకం పేరే బ్లాక్‌చెయిన్. సుమారు పది నిమిషాలకో కొత్త పేజీ దానికి చేరుతుంది. ప్రతి పేజీలోనూ అంతకుముందు పేజీ ముద్ర ఉంటుంది. అందుకే పాత పేజీలో ఒక్క అంకె మార్చాలన్నా ఆ తర్వాతి పేజీలన్నీ తిరగరాయాల్సిందే. అందుకు కావలసిన కంప్యూటర్లకూ కరెంటుకూ అయ్యే ఖర్చు ముందు, దొంగతనంలో దొరికేది దండగే.

మొదట్లో ఓ గండం తప్పలేదు. 2010 ఆగస్టులో ప్రోగ్రాములోని లోపాన్ని పట్టుకుని ఎవరో ఒక్క దెబ్బకు 18,400 కోట్లకు పైగా బిట్‌కాయిన్లు సృష్టించేశారు! కొన్ని గంటల్లోనే దాన్ని పసిగట్టి, లోపం సరిచేసి, ఆ లెక్కను పుస్తకంలోంచి తీసేశారు. అలాంటిది మళ్లీ జరగలేదు.

అయితే ఈ గట్టిదనం అన్ని కాయిన్లకూ లేదు. పద్దు రాసే కంప్యూటర్ల బలంలో సగానికి మించి ఒకరి గుప్పిట్లోకి వస్తే వాళ్లు లెక్క తిరగరాయగలరు. చిన్న కాయిన్లకు ఆ ప్రమాదం ఎక్కువ. బిట్‌కాయిన్ గోల్డ్ 2018లోనూ, ఎథీరియం క్లాసిక్ 2019, 2020 సంవత్సరాల్లోనూ అలాగే దెబ్బతిన్నాయి. పేరులో బిట్‌కాయిన్ అని ఉన్నంత మాత్రాన ఆ బలం వచ్చేయదు.

ఎందుకంత మోజు?

నోట్లు కావాలంటే ప్రభుత్వం మరిన్ని అచ్చు వేయగలదు. బిట్‌కాయిన్లు మాత్రం మొత్తం 2.1 కోట్లే. అందులో 95 శాతానికి పైగా ఇప్పటికే వచ్చేశాయి. కొత్తగా వచ్చేవి సుమారు నాలుగేళ్లకోసారి సగానికి తగ్గుతూ ఉంటాయి. మొదట్లో పేజీకి 50 వచ్చేవి, 2024 ఏప్రిల్ నుంచి 3.125 మాత్రమే. చివరి తునక వచ్చేసరికి 2140 ప్రాంతం అవుతుంది. సరుకు పెరగదు, కొనేవాళ్లు పెరుగుతున్నారు... ధర పెరగక ఏమవుతుంది అన్నది అభిమానుల వాదన.

దానికి తోడు కథలు కూడా అలాంటివే. 2010 మే 22న అమెరికాలోని ఫ్లోరిడాలో ఒకాయన 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చి రెండు పిజ్జాలు తెప్పించుకున్నాడు. 2025 అక్టోబరులో ఒక్కో బిట్‌కాయిన్ సుమారు 1.26 లక్షల డాలర్లకు చేరింది. ఆ లెక్కన ఆ రెండు పిజ్జాల ఖరీదు పదకొండు వేల కోట్ల రూపాయల పైమాటే! ఇది చదివినవాళ్లకి నిద్ర పడుతుందా?

2024 జనవరిలో అమెరికా సెబీ లాంటి సంస్థ అయిన ఎస్ఈసీ, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు అనుమతిచ్చింది. దాంతో పెద్ద పెద్ద పెట్టుబడి సంస్థలూ రంగంలోకి దిగాయి. చిన్నవాళ్లకూ తలుపు తెరిచే ఉంది. ఒక్కో బిట్‌కాయిన్‌లో 10 కోట్ల తునకలుంటాయి కాబట్టి వంద రూపాయలతోనూ కొనొచ్చు. ఆదివారం లేదు, అర్ధరాత్రి లేదు... ఎప్పుడైనా బేరమే.

ఇక నాణేనికి రెండోవైపు. కలిమిలేములు కావడికుండలంటారు. బిట్‌కాయిన్ విషయంలో ఆ కావడి మహా జోరుగా ఊగుతుంది. 2017 డిసెంబరులో 20 వేల డాలర్ల దగ్గరికి వెళ్లింది. ఏడాది తిరిగేసరికి 80 శాతానికి పైగా పడిపోయింది. 2021 నవంబరులో 69 వేలకు చేరింది. మరో ఏడాదికి 16 వేల కిందకి జారింది. అమ్మాయి పెళ్లికని 10 లక్షలు దాచినవాళ్లకి ఆ ముహూర్తం సరిగ్గా పతనం రోజుల్లో వచ్చిందనుకోండి... చేతిలో మిగిలేది రెండు, రెండున్నర లక్షలు. తర్వాత ధర మళ్లీ పెరగొచ్చు. పెళ్లి మాత్రం ఆగదు కదా!

పొలం కౌలిస్తుంది. ఇల్లు అద్దె ఇస్తుంది. డిపాజిట్ వడ్డీ ఇస్తుంది. బిట్‌కాయిన్ తనంతట తాను ఏమీ సంపాదించదు. రేపు మరొకరు ఇంతకన్నా ఎక్కువ ఇచ్చి కొంటారన్న నమ్మకమే దాని రాబడి. బంగారమూ వడ్డీ ఇవ్వదుగా అంటే, నిజమే. కానీ ధర తగ్గినా నగ మెడలో ఉంటుంది. అవసరానికి కుదువపెడితే ఊళ్లోనే అప్పు పుడుతుంది.

దొంగలు పడింది ఎక్కడ?

పుస్తకం అంత భద్రమైతే దొంగతనాలెలా జరుగుతున్నాయి? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. దొంగలు పుస్తకం జోలికి పోరు. తాళంచెవులు ఎత్తుకుపోతారు.

ప్రతి బిట్‌కాయిన్ ఖాతాకూ ఓ రహస్య సంఖ్య ఉంటుంది. దాన్నే ప్రైవేట్ కీ అంటారు. అది ఎవరి చేతిలో ఉంటే ఆ సొమ్ము వాళ్లదే. పుస్తకానికి మొహమాటాలు తెలియవు. చెవి తెచ్చినవాడు దొరా, దొంగా అని అడగదు. ఒకసారి సొమ్ము చేతులు మారిందంటే వెనక్కి రప్పించే మేనేజరు లేడు, ఆపించే కోర్టు ఉత్తర్వు దానికి పట్టదు.

మనదేశంలో చాలామంది క్రిప్టోను ఫోన్‌లోని ఎక్స్ఛేంజి యాప్ ద్వారా కొంటారు. యాప్ తెరిస్తే 'మీ దగ్గర ఇంత ఉంది' అని కనిపిస్తుంది. నిజానికి చెవులుండేది ఆ ఎక్స్ఛేంజి దగ్గర. మీ చేతిలో ఉన్నది 'అడిగినప్పుడు ఇస్తాం' అన్న మాట మాత్రమే. అంటే ప్రతి ఇంట్లోనూ ఉండే ఆ గొప్ప పద్దులో మీ పేరే లేదు. మళ్లీ పాత షావుకారు పుస్తకం దగ్గరికే వచ్చామన్నమాట!

టోక్యోలోని మౌంట్ గాక్స్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద బిట్‌కాయిన్ ఎక్స్ఛేంజి. 2014 ఫిబ్రవరిలో తలుపులు మూసేసింది. 8.5 లక్షల బిట్‌కాయిన్లు కనిపించడం లేదంది. తర్వాత ఓ 2 లక్షలు పాత ఖాతాలో దొరికాయి. ఖాతాదారులకు ఆ సొమ్ము పంచడం మొదలయ్యేసరికి 2024 జులై వచ్చింది. పదేళ్లు!

అంతదూరం ఎందుకు... 2024 జులై 18న మన వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టో మాయమైంది. ఖాతాదారుల సొమ్ములో అది దాదాపు సగం. అక్కడ ఒక్క చెవి కాదు, బ్యాంకు లాకరుకు ఖాతాదారుదీ బ్యాంకుదీ రెండు చెవులూ పడాలన్నట్టు, నలుగురి సంతకాలు కలిస్తేనే సొమ్ము కదిలే ఏర్పాటు ఉంది. కానీ తెరమీద కనిపించింది ఒకటి, సంతకాలు పడింది మరొకదానిమీద అని కంపెనీ చెప్పింది. చదువురాని మనిషి చేత తెల్లకాగితం మీద వేలిముద్ర వేయించుకున్నట్టే అయిందన్నమాట. కంపెనీ ఎక్స్ఛేంజిని ఆపేసింది. సింగపూర్ కోర్టులో నడిచిన వ్యవహారం కొలిక్కి వచ్చి, మళ్లీ తెరుచుకునేసరికి 2025 అక్టోబరు అయింది. అప్పటిదాకా పిల్లల ఫీజులకని దాచుకున్నవాళ్లకీ, అప్పు చేసి కొన్నవాళ్లకీ ఎదురుచూపులే మిగిలాయి.

2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే మరో ఎక్స్ఛేంజి నుంచి సుమారు 150 కోట్ల డాలర్ల క్రిప్టో పోయింది. అక్కడా తెరమీది బొమ్మ మార్చే మోసమే. అది ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది. అదే ఏడాది జులైలో మన కాయిన్‌డీసీఎక్స్‌లోనూ సుమారు 4.4 కోట్ల డాలర్లు పోయాయి. అయితే పోయింది కంపెనీ సొంత ఖాతాలోదని, నష్టం తామే భరిస్తామని వాళ్లు చెప్పారు. అలా భరించగల సత్తా అందరికీ ఉంటుందన్న పూచీ లేదు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. ఎక్స్ఛేంజి మునిగితే అలాంటి రక్షణ ఏదీ లేదు.

బయటి దొంగే అక్కర్లేదు కూడా. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు. 2022 నవంబరులో కూలిన ఎఫ్‌టీఎక్స్‌లో ఖాతాదారుల సొమ్మును యజమానే సొంత వ్యాపారానికి మళ్లించాడు. దాని అధిపతి శామ్ బ్యాంక్‌మన్ ఫ్రీడ్‌కి 2024 మార్చిలో అమెరికా కోర్టు 25 ఏళ్ల జైలుశిక్ష వేసింది.

చెవి మన దగ్గరే ఉంటే?

అలాగైతే చెవిని మనమే దాచుకుంటే పోలా? దాచుకోవచ్చు. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న పరికరాలు అందుకోసమే ఉన్నాయి. వాటిని హార్డ్‌వేర్ వాలెట్లు అంటారు. చెవి ఇంటర్నెట్‌కి తగలకుండా అందులోనే ఉంటుంది. పరికరం పాడైతే తిరిగి తెచ్చుకోవడానికి 12 లేదా 24 ఇంగ్లిషు మాటల వరస ఒకటి ఇస్తారు. ఆ మాటలే సర్వస్వం. వాటిని ఎవరైనా చూశారా... సొమ్ము వాళ్లది. మీరే పోగొట్టుకున్నారా... ఎవరిదీ కాదు.

బ్రిటన్‌లోని న్యూపోర్ట్‌లో ఓ ఐటీ ఉద్యోగి 8,000 బిట్‌కాయిన్ల చెవి ఉన్న హార్డ్‌డిస్కు 2013లో పాత సామానుతోపాటు చెత్తకుప్పకు చేరిపోయింది. ఆ కుప్పను తవ్వనివ్వమని ఏళ్లతరబడి పురపాలక సంఘం చుట్టూ తిరిగాడు. 2025 జనవరిలో కోర్టు కూడా కుదరదంది. అమెరికాలో మరో ప్రోగ్రామరు 7,002 బిట్‌కాయిన్ల చెవిని దాచిన పరికరం పాస్‌వర్డు మరిచిపోయాడు. అది పదిసార్లు తప్పు కొడితే శాశ్వతంగా మూసుకుపోతుంది. ఎనిమిది అవకాశాలు అయిపోయాయని అతనే చెప్పాడు. 'పాస్‌వర్డు మరిచిపోయారా?' అన్న మీట ఇక్కడ ఉండదు.

ఇంకో కథ మనదేశంలోనే మలుపు తిరిగింది. కెనడాలోని క్వాడ్రిగాసీఎక్స్ ఎక్స్ఛేంజి అధిపతి జెరాల్డ్ కాటెన్ 2018 డిసెంబరులో జైపూర్‌లో అనారోగ్యంతో చనిపోయాడు. పాస్‌వర్డులన్నీ ఆయనకొక్కడికే తెలుసని ప్రకటించారు. సుమారు 76 వేలమంది సొమ్ము ఇరుక్కుపోయింది. ఎలాగోలా వెతికి చూస్తే ఆ వాలెట్లు చాలావరకు ఎప్పుడో ఖాళీ! ఆ ఎక్స్ఛేంజి నడిచిందే మోసం మీద అని 2020లో అక్కడి ఆంటారియో సెక్యూరిటీస్ కమిషన్ తేల్చింది.

మోసం సంగతి అలా ఉంచినా, అందులో ప్రతి కుటుంబానికీ పనికొచ్చే మాట ఒకటుంది. చెవి ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరితోనే సొమ్మూ పోతుంది. బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటాడు. పొలానికి వారసత్వ ధ్రువీకరణ ఉంటుంది. 12 మాటలకు ఏ తహసీల్దారూ వారసత్వం ఇవ్వలేడు.

పేరే క్రిప్టో... లోపల డొల్ల

మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది అసలు క్రిప్టోతో కాదు, దాని పేరు పెట్టుకున్న గొలుసుకట్టు దుకాణాలతో. బల్గేరియా కేంద్రంగా 2014లో రుజా ఇగ్నటోవా మొదలుపెట్టిన వన్‌కాయిన్‌కి అసలు బ్లాక్‌చెయిన్ అన్నదే లేదు. మనుషుల్ని చేర్పిస్తే కమీషన్... అంతే. ప్రపంచవ్యాప్తంగా 400 కోట్ల డాలర్లకు పైగా వసూలయ్యాయి. 2017లో ఆమె మాయమైంది. 2022లో ఎఫ్‌బీఐ అత్యధికంగా వెతుకుతున్న పదిమంది జాబితాలో చేరింది.

మనదేశంలో గెయిన్ బిట్‌కాయిన్ అన్నది నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని అరచేతిలో వైకుంఠం చూపించింది. చివరికి జనం చేతిలో పెట్టింది ఎంక్యాప్ అనే సొంత కాయిన్లు. వాటిని కొనేవాడు లేడు.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో 'మేడమ్ చెప్పినట్టు పెట్టండి, మూడింతలు' అనేవి కొత్త అవతారాలు. యాప్‌లో లాభం కనిపిస్తూనే ఉంటుంది. మొదట కొంత వెనక్కిస్తారు కూడా. పెద్ద మొత్తం తీయబోతేనే 'ముందు పన్ను కట్టండి' అంటారు. పన్ను ఎప్పుడూ ప్రభుత్వానికి కడతాం గానీ గ్రూపు అడ్మిన్‌కి కాదు. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. ఎంత ఆలస్యమైతే సొమ్ము అంత దూరం పోతుంది.

మన చట్టం ఏమంటోంది?

క్రిప్టోకు మనదేశంలో కరెన్సీ హోదా లేదు. అలాగని కొనడం నేరమూ కాదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు ఈ వ్యాపారాలకు బ్యాంకు సేవలు ఆపించింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దానిపై సెస్సు మొదలయ్యాయి. ఆ ఏడాది జులై నుంచి అమ్మకాల మీద 1 శాతం టీడీఎస్ కూడా పడింది. 2023 మార్చిలో ఎక్స్ఛేంజీలను మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు.

పన్నులో ఓ మెలిక చాలామందికి తెలియదు. ఒక కాయిన్ మీద లక్ష లాభం, మరోదాని మీద 80 వేల నష్టం వచ్చాయనుకుందాం. నికరంగా మిగిలింది 20 వేలే. కానీ నష్టాన్ని లాభంలోంచి తీసివేయనివ్వరు. లక్ష మీదా పన్ను కట్టాల్సిందే. సెస్సుతో కలిపి 31,200 రూపాయలు! సంపాదించినదానికన్నా పన్నే ఎక్కువ.

దిగేముందు...

* పోయినా ఇంట్లో పొయ్యి ఆగదు అనుకున్న సొమ్ము మాత్రమే పెట్టాలి. అప్పు తెచ్చి, నగలు కుదువపెట్టి, పిల్లల చదువు డబ్బు తీసి పెట్టేది కాదిది.

* ఎక్స్ఛేంజి భారత ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైందో లేదో చూడాలి. అయితే నమోదు అన్నది బీమా కాదు.

* 12 మాటలను ఫొటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు, మెయిల్‌లో దాచకూడదు. కాగితం మీద రాసి రెండుచోట్ల భద్రపరచాలి. ఎవరు ఫోన్ చేసి అడిగినా, ఎక్స్ఛేంజి మనుషులమన్నా, చెప్పకూడదు.

* ఇంట్లో నమ్మకమైన ఒకరికి 'ఇలాంటిది ఉంది, కాగితం ఫలానా చోట ఉంది' అన్న సంగతి తెలిసుండాలి.

* నెలకింత ఖాయం అన్నవాడినీ, మరో ఇద్దర్ని చేర్పించమన్నవాడినీ గుమ్మంలోంచే పంపేయాలి.

అమ్మానాన్నలకు చెప్పకుండా కొంటున్న పిల్లలూ, పిల్లలు చెబుతుంటే చెవిన పెట్టని పెద్దలూ ఓసారి కలిసి కూర్చుంటే సగం ప్రమాదం తప్పుతుంది. 'ధర ఎంతుంది?' అన్నది అందరూ అడిగే ప్రశ్నే. 'చెవి ఎవరి దగ్గరుంది, అది పోతే మనకి దిక్కెవరు?' అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. దానికి జవాబు దొరకని రోజున, ఆ డబ్బు బ్యాంకులోనే ఉండనివ్వడం మేలు!